క్లారెన్స్ బర్డ్సై: మంచు దగ్గర పాఠం నేర్చిన గృహస్థు

హైదరాబాదు నగరానికి పడమరగా ఉన్న మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ఒకప్పుడు బండరాళ్ల నడుమ ఒదిగిన పల్లెలు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట ఆ రాళ్ల స్థానంలో అంతస్తులపై అంతస్తులు లేచినవి. ఆ అంతస్తులలో కాపురముండే దంపతులలో పెక్కుమంది ఇద్దరూ ఉద్యోగస్థులే. వారానికి సరిపడా కూరగాయలు ఆదివారంనాడే కొంటారు. బుధవారం పని ఆలస్యమై భోజనం ఆఫీసులోనే ముగుస్తుంది. గురువారం బయటినుండి తెప్పించుకొంటారు. శుక్రవారం రాత్రి ఫ్రిజ్ తలుపు తెరిస్తే వాడిన చిక్కుళ్లు, సగం కోసిన కాలీఫ్లవరు, చెమ్మపట్టిన పాలకూర కట్ట పలకరిస్తాయి. పారవేయటానికి మనసొప్పదు, వండటానికి ఓపిక చాలదు. అదే ఫ్రిజ్ పై అరలో, ఫ్రీజరులో, పచ్చిబఠాణీల పొట్లం ఒకటి ఉంటుంది. అవి ఎన్నో నెలల క్రితం ఒలిచిన గింజలు. అయినా నిన్న కోసినట్లు పచ్చగా ఉన్నవి. జానెడు దూరంలో ఉన్న చిక్కుళ్లు ఐదు రోజులకే వాడినవి.

ఈ భేదం వెనుక ఒక మనిషి జీవితమున్నది. అతని పేరు క్లారెన్స్ బర్డ్సై. ఘనీభవించిన ఆహారాన్ని పరిశ్రమగా మలచిన అమెరికావాడని విజ్ఞానశాస్త్ర పుస్తకాలు అతనిని స్మరిస్తాయి. అంతకంటె ముందు జరిగిన సంగతిని అవి అంతగా పట్టించుకొన్నట్లు లేదు. అతడు మొట్టమొదట కూరగాయలను గడ్డకట్టించినది ఫ్యాక్టరీలో కాదు, తన ఇంట్లో. అమ్మటానికి కాదు, భార్యాబిడ్డల భోజనానికి.

బర్డ్సై 1886 డిసెంబరు 9న న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో జన్మించినాడు. తండ్రి న్యాయవాది. తొమ్మిదిమంది సంతానంలో ఇతడు ఆరవవాడు. పూర్వీకుడొకడు ఇంగ్లండు రాణిపైకి దూసుకొని వచ్చిన డేగను కంటిలో బాణం నాటి కూల్చినాడనీ, నాటినుండి ఆ వంశానికి పక్షికన్ను అన్న అర్థం వచ్చే పేరు నిలిచిందనీ ఆ ఇంటివారు చెప్పుకొనేవారు. వంశకథలన్నింటివలెనే దీనికీ నిదర్శనాలు అడగరాదు. పిల్లవానికి మాత్రం పక్షులన్నా జంతువులన్నా ప్రాణం. పదేళ్లు నిండిన కొద్ది కాలానికే చచ్చిన పక్షుల చర్మాలలో గడ్డి కూరి సజీవంగా కనబడేట్లు నిలబెట్టే విద్య నేర్చి, ఇతరులకు నేర్పటానికి కూడా సిద్ధపడినాడు. కుటుంబం న్యూజెర్సీలోని మాంట్‌క్లేర్‌కు మారినపుడు అక్కడి హైస్కూలులో అతడు వంట తరగతిలో చేరినాడు. మగపిల్లలు వంట నేర్చుకోవటం ఆ రోజులలో నవ్వులాట. తిండి విషయంలో అతనికి సిగ్గన్నది ఎన్నడూ లేదు.

ఆమ్‌హర్స్ట్ కళాశాలలో చేరిన తరువాత చదువుకు డబ్బు చాలలేదు. బతికిన కప్పలను పట్టి జంతుప్రదర్శనశాలలోని పాములకు ఆహారంగా అమ్మినాడు. ఎలుకలను పట్టి ఒక ఆచార్యుని పరిశోధనకు అమ్మినాడు. తోటి విద్యార్థులు పురుగుల పేరుతో ఎగతాళి చేశారు. రెండేళ్లకే చదువు ఆగిపోయింది. పట్టా చేతికి రాలేదు. ప్రభుత్వ జీవశాస్త్ర సర్వే శాఖలో ఉద్యోగం చేసి న్యూమెక్సికో, ఆరిజోనా ఎడారులు తిరిగినాడు. మొంటానాలో మచ్చల జ్వరానికి కారణమైన పిడుదులను సేకరించే పనిలో కొంత కాలం గడిపినాడు. ఆ పిడుదులు కరిస్తే ప్రాణాపాయం. అతడు వాటిని పట్టిన జంతువులను వేటాడి తెచ్చేవాడు.

1912లో అతడు లాబ్రడార్ చేరినాడు. అది ఉత్తర అమెరికా ఈశాన్య తీరం. నేడు కెనడాలో భాగం. అక్కడి బెస్తవారికి వైద్యసేవ చేస్తూ ఊరూరా ఓడలో తిరిగే డాక్టర్ విల్‌ఫ్రెడ్ గ్రెన్‌ఫెల్ బృందంతో వెళ్లిన వాడు, నక్కల ఉన్ని వ్యాపారం లాభసాటిగా తోచి అక్కడే నిలిచిపోయినాడు. కుక్కలు లాగే బండిపై మంచు మీద రోజుల తరబడి ప్రయాణాలు చేసినాడు. దొరికిన ప్రతి జంతువు మాంసమూ రుచి చూసి, ఆ రుచులను ఇంటికి వ్రాసే ఉత్తరాలలో వర్ణించేవాడు.

ఆ మంచుదేశంలో తరతరాలుగా నివసిస్తున్న ఇన్యూయిట్ జనం చేపలు పట్టే తీరు అతని కంటబడింది. గడ్డకట్టిన నీటిలో రంధ్రం చేసి చేపను పైకి లాగుతారు. బయట గాలి మైనస్ 40 డిగ్రీలు. ఆ మెట్టు దగ్గర సెంటీగ్రేడు, ఫారెన్‌హీట్ కొలతలు రెండూ ఒకే అంకె చూపుతాయి. భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు ఇది మంచి ఉదాహరణ. నీటినుండి వచ్చిన చేప ఆ గాలిలో చూస్తుండగానే కొయ్యబారుతుంది. నెలల తరువాత కరిగించి వండితే అప్పుడే పట్టిన చేప రుచి. బర్డ్సై ఇక్కడ ఆగలేదు. నడిచలికాలంలో గడ్డకట్టిన మాంసానికీ, చలి తగ్గిన వసంతంలో గడ్డకట్టిన మాంసానికీ రుచిలో తేడా ఉన్నదని గమనించినాడు. రెండూ గడ్డకట్టినవే. రెండూ కెడలేదు. మొదటిది తాజాగా ఉన్నది. రెండవది చప్పబడి, నీరు కారి, పీచుపీచుగా ఉన్నది. అది ఎందుకు?

ఈ ప్రశ్న ఇంటి అక్కరగా మారటానికి కారణం సంసారం. 1915లో అతడు ఎలినార్ గారెట్‌ను వివాహమాడినాడు. మరుసటి సంవత్సరం ఆమెనూ, పుట్టి కొద్ది వారాలైన కొడుకు కెలాగ్‌నూ లాబ్రడార్ తీసుకొనిపోయినాడు. బాలింతరాలినీ పసికందునూ అట్టి చోటికి తీసుకొనిపోవటం సాహసమో అవివేకమో చెప్పటం కష్టం. మాంసానికి కొదువ లేదు. ఆకుకూర, కాయగూర మాత్రం ఓడ వస్తేనే. చలికాలంలో సముద్రం గడ్డకట్టిన తరువాత ఓడ రాదు. వచ్చినపుడు కొన్న క్యాబేజీలు నెలల తరబడి నిలువ ఉండాలి.

బర్డ్సై ఒక తొట్టి తెచ్చినాడు. అందులో ఉప్పునీరు పోసి, క్యాబేజీ ఆకులు పరచి, కొరికే చలిగాలిలో ఉంచినాడు. ఒక పొర గడ్డకట్టగానే దానిపై మరికొన్ని ఆకులు, మరికొంత నీరు. కూర అవసరమైనపుడు కావలసినంత మేర గొడ్డలితో చెక్కి తెచ్చుకొనటమే. ఆ క్యాబేజీ పొయ్యిమీదికి వచ్చినపుడు పచ్చిగానే ఉన్నది. చేపల సంగతి ఇన్యూయిట్లు ఎరుగుదురు. ఆకుకూర సంగతి ఎవరూ చెప్పలేదు. అతడే చేసి చూచినాడు. నేడు ఒక పట్టణ గృహిణి మిగిలిన చిక్కుళ్లను ఫ్రీజరులో పెట్టే పనికీ, ఈ తొట్టికీ ఉన్న దూరం చాలా తక్కువ.

అతడు కనుగొన్న మర్మం ఒక్క మాటలో చెప్పాలంటే వేగం. కూరగాయలో అధిక భాగం నీరు. ఆ నీరు సూక్ష్మమైన కణాల గదులలో ఉంటుంది. మైనస్ 1 డిగ్రీ మొదలు మైనస్ 5 డిగ్రీల వరకు ఉన్న మెట్టులో నీటిలో ఎక్కువ భాగం మంచుగా మారుతుంది. ఈ మెట్టును మెల్లగా దాటితే మంచు స్ఫటికాలు కొద్ది సంఖ్యలో ఏర్పడి, ఒక్కొక్కటి పెద్దదై, సూదులవలె కణాల గోడలను చీలుస్తుంది. పైగా నీరు మంచుగా మారినపుడు సుమారు తొమ్మిదవ వంతు కాకపోయినా, నూటికి తొమ్మిది పాళ్లు వ్యాకోచిస్తుంది. కరిగించినపుడు చీలిన గదులనుండి రసమంతా కారిపోతుంది. మిగిలేది మెత్తని పిప్పి. అదే మెట్టును క్షణాలలోనో నిమిషాలలోనో దాటితే స్ఫటికాలు లెక్కలేనన్ని పుట్టి, ఏదీ పెరగటానికి వ్యవధి చిక్కదు. గోడలు నిలుస్తాయి, రసం లోపలే ఉంటుంది. చలి ఎంత ఉన్నదన్నది కాదు, అది పదార్థం నడిబొడ్డుకు ఎంత త్వరగా చేరినదన్నది ముఖ్యం.

ఆహారాన్ని మంచులో దాచటం కొత్త కాదు. 1626లో ఫ్రాన్సిస్ బేకన్ కోడి కడుపులో మంచు కూరి ఎన్నాళ్లు నిలుస్తుందో చూడబోయి, జలుబు చేసి మరణించినాడని ఒక కథ ఉన్నది. బర్డ్సై నాటికి అమెరికాలో మాంసాన్నీ చేపలనూ పెద్ద పెద్ద గదులలో గడ్డకట్టించి నిలువచేసేవారు. కాని దిమ్మలు దిమ్మలుగా, నెమ్మదిగా. అందువల్ల గడ్డకట్టిన చేప అంటే పేదవాని గతిలేని తిండి అన్న భావం జనంలో స్థిరపడిపోయింది. త్వరిత ఘనీభవనం తన సృష్టి కాదనీ, ఇన్యూయిట్లకు శతాబ్దాలుగా తెలిసినదేననీ బర్డ్సై తానే ఒప్పుకొనేవాడు. ఆ వినయం అతని గౌరవాన్ని పెంచేదే కాని తగ్గించేది కాదు.

1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలో దిగటంతో కుటుంబం తిరిగి వచ్చింది. లాబ్రడార్ చలి న్యూయార్కులో లేదు. దానిని చేతితో తయారుచేయాలి. ఏడు డాలర్ల ఖర్చుతో ఒక విద్యుత్ పంకా, కొన్ని బాల్చీల ఉప్పునీరు, మంచుదిమ్మలు కొని వంటింట్లో ప్రయోగం మొదలుపెట్టినాడన్న కథ ప్రసిద్ధం. ఉప్పు కలిసిన నీరు సున్న డిగ్రీలకంటె ఎంతో దిగువవరకు గడ్డకట్టదు. కుల్ఫీ బండివాడు మంచులో ఉప్పు చల్లేది ఈ ధర్మాన్ని ఆశ్రయించే. 1920 తరువాతి తొలి సంవత్సరాలలో న్యూయార్కు చేపల మార్కెట్టు సమీపంలో కంపెనీ పెట్టినాడు. చేపలు బాగున్నవి, కొనేవారు లేరు. 1924లో కంపెనీ దివాలా తీసింది.

జీవితబీమాను సైతం పెట్టుబడి కిందికి మార్చి, 1925 ప్రాంతంలో మాసచూసెట్స్‌లోని గ్లాస్టర్ రేవుపట్టణానికి మకాం మార్చినాడు. అక్కడ రూపొందించిన యంత్రం చూడటానికి సామాన్యం. శుభ్రపరచిన చేపముక్కలను పలుచని అట్టపెట్టెలలో సర్ది, ఆ పెట్టెలను అతిశీతలమైన రెండు లోహపు పలకల నడుమ నొక్కి ఉంచటం. గాలికంటె లోహం వేడిని ఎన్నో రెట్లు వేగంగా లాగివేస్తుంది. పెట్టె పలుచన కావటంవల్ల చలి రెండు వైపులనుండి నడిమికి త్వరగా చేరుతుంది. గడ్డకట్టిన తరువాత పొట్లం కట్టటం కాదు, పొట్లం కట్టిన తరువాతనే గడ్డకట్టించటం. అమ్మే పెట్టె, గడ్డకట్టే అచ్చు, ఇంటికి చేరే పొట్లం అన్నీ ఒకటే. ఈ పనిలోని తెలివి ఇక్కడ ఉన్నది.

కూరగాయలు చేపలంత సులభంగా లొంగలేదు. పచ్చిబఠాణీలను, చిక్కుళ్లను ఎంత వేగంగా గడ్డకట్టించినా కొన్ని వారాలకు రంగు మారి ఎండుగడ్డి వాసన వచ్చేది. కారణం ఎంజైములు. కాయ కోసిన తరువాత కూడా దానిలో జీవక్రియ నడిపే ఈ పదార్థాలు చలికి నిదానిస్తాయే కాని పూర్తిగా ఆగవు. డొనాల్డ్ ట్రెస్లర్ వంటి రసాయనవేత్తలు బర్డ్సై సంస్థలో పనిచేసిన కాలంలోనే ఈ చిక్కు విడింది. కూరగాయను ముందు మరుగునీటిలోనో ఆవిరిలోనో కొద్ది నిమిషాలుంచి, వెంటనే చల్లార్చి, ఆపైన గడ్డకట్టిస్తే ఎంజైములు నశిస్తాయి. రంగూ రుచీ నిలుస్తాయి. ఈనాడు ఇళ్లలో ఫ్రీజరులో పెట్టిన చిక్కుళ్లు పాడవటానికి సగం కారణం ఈ ఒక్క మెట్టును విడిచిపెట్టటమే.

1929లో, అక్టోబరులో అమెరికా షేర్ల మార్కెట్టు కూలటానికి కొన్ని నెలల ముందు, పోస్టం కంపెనీ, గోల్డ్‌మన్ శాక్స్ సంస్థ కలసి బర్డ్సై కంపెనీనీ పేటెంట్లనూ 2 కోట్ల 20 లక్షల డాలర్లకు కొన్నవి. పోస్టం అధినేత్రి మార్జొరీ పోస్ట్ గ్లాస్టర్ రేవులో తన పడవ ఆగినపుడు రుచికరమైన బాతుమాంసం తిని, అది గడ్డకట్టించి నిలువ చేసినదని తెలిసి ఆశ్చర్యపోయిందనీ, బేరానికి మూలం ఆ భోజనమేననీ చెప్పుకొంటారు. కొత్త సంస్థకు జనరల్ ఫుడ్స్ అని పేరు పెట్టినారు. అతని ఇంటిపేరును రెండు ముక్కలు చేసి, బర్డ్స్ ఐ అన్న వ్యాపారచిహ్నం తయారుచేసినారు. 1930 మార్చి 6న స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలోని 18 దుకాణాలలో మాంసం, చేపలు, పాలకూర, పచ్చిబఠాణీలు, పండ్లు మొదలైనవి తొలిసారి అమ్మకానికి వచ్చినవి.

అయినా అమ్మకం నత్తనడకే. దుకాణాలకు శీతలపేటికలు లేవు. రైళ్లలో గడ్డకట్టిన సరుకుకు తగిన శీతలపెట్టెలు లేవు. ఇళ్లలో ఉన్న ఫ్రిజ్‌లలో మంచుముక్కల అర తప్ప వేరు చోటు లేదు. ఇంటికి తెచ్చినది ఆ పూటే వండుకోవాలి. రెండవ ప్రపంచయుద్ధంలో తగరం కరవై డబ్బా ఆహారానికి రేషను వచ్చినపుడు గాని జనం ఈ పొట్లాలవైపు చూడలేదు. యుద్ధానంతరం ఇంటింటికీ ఫ్రీజరు వచ్చింది. లాబ్రడార్ ఇంటినుండి బయలుదేరిన విద్య ఫ్యాక్టరీ, రైలు, దుకాణం తిరిగి మరల ఇల్లు చేరటానికి ముప్పైయేళ్లు పట్టింది.

ఇల్లు చేరినపుడు దాని మొదటి ప్రయోజనం కొంత మరుగున పడిన మాట నిజం. ఫ్రీజరంటే కొన్న పొట్లాలు దాచే చోటు అయింది. మిగిలిన కూరగాయను కాపాడే చోటు కాలేదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ప్రకటించిన లెక్క ప్రకారం 2022లో ప్రపంచమంతటా వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో సుమారు 63 కోట్ల టన్నులు ఇళ్లలో పారవేసినదే.

ఆ శుక్రవారం రాత్రి కొండాపూరు ఇంట్లో మిగిలిన చిక్కుళ్లకు బర్డ్సై పద్ధతి వర్తింపజేయటం కష్టం కాదు. పూర్తిగా వాడకముందే ఈనెలు తీసి, తుంచి, మరిగే నీటిలో రెండు మూడు నిమిషాలుంచి, మంచునీటిలో ముంచి, గుడ్డపై తడి ఆర్చాలి. తడి మిగిలితే మంచుపొర కడుతుంది. ఇంటి ఫ్రీజరులో ఉన్నది చల్లని గాలి. లోహపు పలకల వేగం దానికి లేదు. అందువల్ల ముక్కలను స్టీలు పళ్లెంలో ఒకే వరుసగా పరచి, గట్టిపడిన తరువాత సంచిలో నింపి గాలి పిండి మూతి కట్టాలి. ముద్దగా కుక్కిన గిన్నె నడిబొడ్డుకు చలి చేరేసరికి లాబ్రడార్ వసంతకాలపు మాంసం గతి పడుతుంది. ఒక్కసారే బస్తాడు పెట్టినా అంతే. వండిన కూర మిగిలితే రెండు గంటలలోపు వెడల్పు గిన్నెలో చల్లార్చి పెట్టటం మేలు. మైనస్ 18 డిగ్రీల చలి సూక్ష్మజీవులను నిద్రపుచ్చుతుందే కాని చంపదు. కరగగానే అవి మేలుకొంటాయి. బీన్సు, క్యారెట్టు, కాలీఫ్లవరు, పాలకూర ఈ పద్ధతికి లొంగుతాయి. దోసకాయ లొంగదు. టమాటా ఆకారం చెడినా పులుసుకు, పచ్చడికి పనికివస్తుంది. సంచిపై తేదీ వ్రాయని ఫ్రీజరు రెండవ చెత్తబుట్టగా మారుతుంది. అది కరెంటు తినే చెత్తబుట్ట. మన పెద్దలు ఎండలో చేసిన వరుగులకు, ఒడియాలకు ఆ ఖర్చు లేదు. బర్డ్సైకి చలి ఉచితంగా దొరికింది. తెలుగుదేశానికి ఎండ ఉచితం.

ధనవంతుడైన పిమ్మట బర్డ్సై కూర్చొని తినలేదు. పరారుణ కిరణాల దీపాలు తయారుచేసినాడు. తిమింగలాలను వేటాడే ఈటెతుపాకి నిర్మించినాడు. కూరగాయలను త్వరగా ఆరబెట్టే పద్ధతి మీద ఏళ్ల తరబడి శ్రమించినాడు. గడ్డకట్టించటంలో కీర్తి గడించినవాడు చివరికి వరుగుల వైపు మళ్లటం విచిత్రం. 1951లో భార్యతో కలసి అడవిమొక్కల పెంపకంపై పుస్తకం వ్రాసినాడు. అరవైయేళ్లు దాటినాక దక్షిణ అమెరికాలోని పెరూ దేశానికి వెళ్లినాడు. అక్కడి ఫ్యాక్టరీలలో రసం తీసిన పిమ్మట మిగిలే చెరకుపిప్పినుండి కాగితపు గుజ్జు తీసే పద్ధతిని వృద్ధిచేయటంలో చివరి సంవత్సరాలు గడిపినాడు. ఆ దేశంలో ఉండగానే గుండెజబ్బు సోకింది.

1956 అక్టోబరు 7న న్యూయార్కులో బర్డ్సై మరణించినాడు. చితాభస్మాన్ని గ్లాస్టర్ ఎదుట సముద్రంలో కలిపినారు.